ముట్టుకోనివ్వని ఆశ్రయాలు

తల్లిని పోగొట్టుకున్న, గాయపడిన, దొంగ వ్యాపారుల చెర నుంచి బయటపడిన అడవి జంతువులను చేరదీసే సంరక్షణ కేంద్రాలు ఆఫ్రికాలో చాలా దేశాల్లో ఉన్నాయి. కెన్యాలో గున్న ఏనుగులకు, ఉగాండాలోనూ జాంబియాలోనూ చింపాంజీలకు, కాంగోలో బోనోబోలకు, దక్షిణాఫ్రికా తీరంలో పెంగ్విన్లకు ఇలాంటి ఆశ్రయాలు నడుస్తున్నాయి. ఇవి జూలు కావు, నేషనల్ పార్కులు కూడా కావు. నేషనల్ పార్కులో జంతువు తన బతుకు తాను బతుకుతుంది. జూలో జనం చూడటానికి ఉంటుంది. ఇక్కడ ఉండేది కోలుకోవడానికి. కోలుకున్నాక అడవికి పంపగలిగితే పంపుతారు, పంపలేకపోతే చనిపోయేదాకా పోషిస్తారు. వీటిలో కొన్నింటిని పర్యాటకులు చూసి రావచ్చు. ఇంకొన్నింటిలో కొన్ని వారాలుండి పనిలో చేయి వేయవచ్చు. అయితే ఇదే పేరుతో జంతువుల వ్యాపారం చేసేవారూ తక్కువేమీ కాదు. అందుకే వెళ్లాలనుకునేవారు అసలైన కేంద్రం ఎలా నడుస్తుందో ముందుగా తెలుసుకోవాలి.

చూడటానికి అందరికీ బాగా అందుబాటులో ఉన్నది కెన్యా రాజధాని నైరోబీలోని ఏనుగుల నర్సరీ. నగరాన్ని ఆనుకునే ఉన్న నైరోబీ నేషనల్ పార్కులో షెల్డ్రిక్ వైల్డ్‌లైఫ్ ట్రస్టు దీన్ని నడుపుతోంది. సావో ఈస్ట్ నేషనల్ పార్కుకు తొలి వార్డెన్‌గా పనిచేసిన డేవిడ్ షెల్డ్రిక్ 1977లో చనిపోయాక ఆయన జ్ఞాపకార్థం భార్య డాఫ్నీ ఈ ట్రస్టును నెలకొల్పారు. 2018లో ఆమె కన్నుమూశాక కూతురు ఏంజెలా ఆ బాధ్యత చూస్తున్నారు.

ఇక్కడికి వచ్చే గున్నల్లో కొన్నింటి తల్లులను దంతాల కోసం చంపేశారు. కొన్ని గున్నలు బావుల్లో పడి మంద నుంచి తప్పిపోయినవి. పొలాల మీద పడ్డ ఏనుగులకూ రైతులకూ జరిగే పోరులో అనాథలైనవి ఇంకొన్ని. ఈమధ్య కరవు కూడా పెద్ద కారణమైంది. 2022 కరవులో ఫిబ్రవరి నుంచి అక్టోబరు వరకే 205 ఏనుగులు చనిపోయాయని కెన్యా ప్రభుత్వం ప్రకటించింది.

పాలు తాగే వయసులో తల్లి పోతే ఏనుగు పిల్ల బతకడం కష్టం. మొదటి రెండేళ్లూ దానికి పాలే ప్రాణాధారం. ఆవుపాలు పడితే సరిపోతుందనుకుంటే పొరపాటే, అందులోని కొవ్వు దానికి అరగదు, విరేచనాలై నీరసించి చనిపోతుంది. ఏ పాలు పడతాయో తేల్చడానికి డాఫ్నీకి సుమారు 28 ఏళ్లు పట్టింది. చివరికి దారి చూపింది కొబ్బరి నూనె. ఆవుపాల కొవ్వుకు బదులు కొబ్బరి నూనె కలిపిన పాలపొడి నెలల గున్నకు పడింది. అలా పెరిగిన తొలి గున్న పేరు ఐషా. దానికి ఆరు నెలలు వచ్చేసరికి డాఫ్నీ పెద్ద కూతురి పెళ్లికోసం కొన్నాళ్లు ఊరు వెళ్లాల్సివచ్చింది. ఆమె కనబడకపోయేసరికి ఐషా పాలు ముట్టడం మానేసి, బెంగతోనే చనిపోయింది.

నర్సరీ నియమాలన్నీ ఆ చావు నేర్పిన పాఠంతో పుట్టినవే. ఒక గున్నను ఒకే మనిషికి అప్పగించరు. ఆకుపచ్చ కోటు వేసుకున్న సంరక్షకులు రాత్రిళ్లు గున్నల కొట్టాల్లోనే, వాటి పక్కనే పడుకుంటారు. కానీ ఎవరు ఏ గున్న దగ్గర పడుకోవాలన్నది రోజూ మారుతుంది. ఎవరో ఒకరి మీదే ప్రాణం పెట్టుకోకుండా మొత్తం బృందాన్నే కుటుంబమనుకోవాలని ఈ ఏర్పాటు. చంటి గున్నలకు రాత్రీ పగలూ మూడు గంటలకోసారి సీసాతో పాలు పడతారు. తల్లి దగ్గర పాలు తాగే గున్న తొండాన్ని తల్లి ఒంటికి ఆనించి ఉంచుతుంది. అలా ఆనించడానికి ఏదీ లేకపోతే కొన్ని గున్నలు సీసా పట్టవు. అందుకని ఒక దుప్పటిని వేలాడదీసి, దాని వెనక నుంచి సీసా అందిస్తారు. గున్న తొండాన్ని దుప్పటికి ఆనించి, కళ్లు అరమోడ్చి తాగుతుంది. మరీ పసివాటి చెవులు ఎండకు కమిలిపోకుండా సన్‌స్క్రీన్ కూడా రాస్తారు.

సందర్శకులకు అనుమతి పగలు 11 నుంచి 12 వరకు ఒక్క గంటే, అదీ ముందుగా పేరు నమోదు చేసుకున్నవారికే. తాడు కట్టిన హద్దుకు ఇవతల జనం నిలబడతారు. గున్నలు జట్లుగా వచ్చి పాలు తాగి, బురదలో పొర్లి, మళ్లీ అడవిలోకి వెళ్లిపోతాయి. ఒక్కో గున్న ఎక్కడ దొరికిందో, ఎలా వచ్చిందో సంరక్షకుడు చెబుతూ ఉంటాడు. గంట కాగానే గేటు మూస్తారు. ఇంత దూరం వచ్చి గంటసేపేనా అని గొణిగేవారు ఉంటారు. మిగతా ఇరవైమూడు గంటలు మనుషుల గోల లేకుండా ఉంటేనే గున్నలు అడవికి అలవాటు పడతాయి. కాబట్టి గొణగడం దండగ.

గున్నలకు మూడేళ్ల వయసు వచ్చేసరికి సావోలోని వోయ్, ఇతుంబా కేంద్రాలకో, కిబ్వేజీ అడవిలోని ఉమానీ స్ప్రింగ్స్‌కో తరలిస్తారు. అక్కడ పగలంతా అడవిలో తిరిగి సాయంత్రానికి కొట్టానికి వస్తాయి. ఎప్పుడు పూర్తిగా వెళ్లిపోవాలో నిర్ణయించుకునేది అవే. కొన్నింటికి అందుకు పదేళ్లు కూడా పడుతుంది. ఇంతవరకూ ట్రస్టు 300కు పైగా గున్నలను పెంచింది. అడవికి చేరిన ఆడ ఏనుగులు కొన్ని, తాము కన్న పిల్లలను వెంటబెట్టుకుని పాత సంరక్షకుల దగ్గరికి వచ్చిపోతుంటాయి. ఇంత పేరున్న ఈ సంస్థ గున్నలను పెంచే పనిలో వాలంటీర్లను అసలు పెట్టుకోదు. గున్నకు కావలసింది ఏళ్ల తరబడి వెన్నంటి ఉండే మనుషులు, రెండు వారాల చుట్టాలు కాదు. సాయం చేయాలనుకునేవారు ఏడాదికి 50 డాలర్ల నుంచి చందా కట్టి ఒక గున్న పోషణలో పాలుపంచుకోవచ్చు.

చింపాంజీల సంగతి మరింత చిక్కు. మాంసం కోసం పెద్దవాటిని కాల్చి, పిల్లలను పెంపుడు జంతువులుగా అమ్ముతారు. పిల్లను వదలమని తల్లీ, తల్లికి అడ్డంపడే తోటి చింపాంజీలూ తెగబడతాయి కాబట్టి ఒక పిల్లను పట్టాలంటే పెద్దవాటిని చంపక తప్పదు. బజారులో ఒక పిల్ల కనబడిందంటే దాని వెనక అనేక చావులున్నట్టే లెక్క. ఇలా పట్టుబడ్డ పిల్లలను ఉంచడానికి ఉగాండాలో విక్టోరియా సరస్సులోని న్గాంబా దీవిని 1998లో ఆశ్రయంగా మార్చారు. ఎంటెబె నుంచి పడవలో 23 కిలోమీటర్లు వెళ్లాలి. చింపాంజీలకు ఈత రాదు కనుక చుట్టూ ఉన్న నీళ్లే గోడ. వంద ఎకరాల దీవిలో అయిదెకరాలు మినహా మిగిలిన అడవంతా వాటిదే. కానీ యాభై చింపాంజీలకు ఆ అడవి ఇచ్చే పండ్లు చాలవు. అందుకే రోజూ బయటి నుంచి తెచ్చి పెడతారు. ఆ తిండి వేళకే సందర్శకులు వచ్చి ఎత్తయిన అరుగు మీద నుంచి చూస్తారు. ఆడ చింపాంజీలకు గర్భనిరోధక సాధనాలు వాడతారు. ఉన్నవాటికి పిల్లలు పుడితే రేపు వచ్చే అనాథలకు చోటుండదు మరి.

జాంబియాలోని చిమ్‌ఫున్షీ కథ ఇంకా పాతది. కాఫ్యూ నది ఒడ్డున పశువుల క్షేత్రం నడుపుకునే డేవిడ్, షీలా సిడిల్ దంపతుల దగ్గరికి 1983లో ఎవరో గాయపడ్డ ఒక చింపాంజీ పిల్లను తెచ్చారు. బతుకుతుందన్న ఆశ ఎవరికీ లేని ఆ పిల్ల బతికింది. ఆ కబురు పాకి, పట్టుబడ్డ చింపాంజీలన్నింటికీ అదే చిరునామా అయింది. ఇప్పుడక్కడ వందకు పైగా చింపాంజీలున్నాయి. ఇలాంటి కేంద్రాలు కొన్ని కలిసి 2000లో పాన్ ఆఫ్రికన్ శాంక్చురీ అలయన్స్ అనే సమాఖ్యగా ఏర్పడ్డాయి.

చింపాంజీల కేంద్రాలకు వెళ్లేవారిని మాస్కు కట్టుకోమంటారు, క్షయ పరీక్ష కాగితాలు, టీకాల చీటీలు అడుగుతారు. ఇదేదో చాదస్తం అనుకోకూడదు. మనకు రెండు రోజుల జలుబు తెచ్చే వైరస్ వాటికి ప్రాణాంతకం. 2013లో ఉగాండాలోని కిబాలే అడవిలో మనుషుల్లో పడిశం కలిగించే రైనోవైరస్-సి సోకి, 56 చింపాంజీలున్న ఒక గుంపులో అయిదు చనిపోయాయి. అవి అడవిలో తిరిగే చింపాంజీలు. ఆశ్రయంలో అన్నీ దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి ప్రమాదం మరీ ఎక్కువ.

వాలంటీర్ల వల్ల ఎంత మేలు జరుగుతుందో చూడాలంటే దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌కు వెళ్లాలి. సముద్ర పక్షుల కోసం 1968లో మొదలైన శాన్‌కాబ్ అనే సంస్థ అక్కడుంది. 2000 జూన్ 23న ఇనుప ఖనిజం తీసుకెళ్తున్న ట్రెజర్ అనే ఓడ రాబెన్, డాసెన్ దీవుల మధ్య మునిగిపోయింది. ఇంధనం నీళ్లలో కలిసింది. ఆ రెండు దీవులూ ఆఫ్రికన్ పెంగ్విన్లకు పెద్ద స్థావరాలు. దాదాపు 19,000 పెంగ్విన్ల ఒంటికి నూనె అంటుకుంది. నూనె తగిలితే ఈకలు అతుక్కుపోయి చల్లటి నీరు చర్మానికి తగులుతుంది. పెంగ్విన్ చలికి తట్టుకోలేక గట్టెక్కుతుంది, గట్టు మీద తిండి ఉండదు. ముక్కుతో ఈకలు సవరించుకోబోతే నూనె కడుపులోకి పోతుంది.

సంస్థ ఆవరణ చాలక కేప్‌టౌన్‌లోని సాల్ట్ రివర్ దగ్గర ఒక పెద్ద రైల్వే షెడ్డును పెంగ్విన్ల ఆసుపత్రిగా మార్చారు. ఊళ్లోవాళ్లు, విద్యార్థులు, విదేశాల నుంచి వచ్చినవాళ్లు కలిపి 12,000 మందికి పైగా వాలంటీర్లు పనిచేశారు. ఇంకా నూనె అంటని మరో 19,500 పెంగ్విన్లను ఏం చేయాలన్నది మరో సమస్య. వాటిని పట్టి, పెట్టెల్లో సర్ది, లారీల్లో సుమారు 800 కిలోమీటర్ల దూరంలోని పోర్ట్ ఎలిజబెత్ దగ్గరికి తీసుకెళ్లి సముద్రంలో వదిలారు. అవి ఈదుకుంటూ ఇంటికి వచ్చేలోగా నూనె తొలగించేయాలన్నది ఎత్తుగడ. పీటర్, పమేలా, పెర్సీ అనే మూడు పెంగ్విన్లకు ఉపగ్రహ సంకేతాలిచ్చే పరికరాలు కట్టారు. అవి ఎక్కడిదాకా వచ్చాయో దేశమంతా రోజూ ఆసక్తిగా గమనించింది. ఎత్తు పారింది. నూనె అంటినవాటిలో కూడా 90 శాతానికి పైగా బతికాయి. ఇంత పెద్ద సంఖ్యలో పక్షులను కాపాడిన సందర్భం అంతకు ముందు లేదు.

ఓడలు మునగని ఏళ్లలో కూడా అక్కడ పని తక్కువేమీ ఉండదు. పెంగ్విన్లు ఏటా ఒకసారి ఈకలన్నీ ఒక్కసారే రాల్చుకుంటాయి. కొత్తవి వచ్చేదాకా మూడు వారాలు సముద్రంలోకి దిగలేవు. పిల్లలు ఇంకా చిన్నవిగా ఉండగానే తల్లిదండ్రులకు ఈకలు రాలే కాలం వస్తే ఆ పిల్లలు ఆకలితో చస్తాయి. వాటిని ఏరి తెచ్చి చేతుల మీద పెంచే కార్యక్రమం 2006 నుంచి నడుస్తోంది. ఇలా పెరిగిన పిల్లలు తల్లిదండ్రుల దగ్గర పెరిగినవాటితో సమానంగా బతుకుతున్నాయని పరిశోధకులు తేల్చారు.

పెంగ్విన్‌కు తిండి పెట్టడం కొత్తవారికి అంత తేలిక కాదు. వాలంటీరు రబ్బరు బట్టలు, చేతులకు మందపాటి తొడుగులు వేసుకుని ముక్కాలిపీట మీద కూర్చుంటారు. పక్షిని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, ఒక చేత్తో తల వెనక పట్టుకుని, రెండో చేతి వేలితో ముక్కు తెరవాలి. సార్డీన్ చేపను నీళ్లలో ముంచి తల ముందుగా గొంతులోకి జారవిడవాలి. తోక ముందుగా పెడితే పొలుసులూ రెక్కలూ గొంతులో అడ్డుపడతాయి. సార్డీన్ అంటే మన కోస్తా రేవుల్లో కవళ్లుగా అమ్మే చేపలకు దగ్గరి చుట్టం. పట్టు ఏమాత్రం సడలినా పెంగ్విన్ ముంజేతిని కొరుకుతుంది. ఆ ముక్కు అంచు కత్తిలా ఉంటుంది. తిండి పెట్టేది కొద్దిసేపే. మిగతా రోజంతా రెట్టతో నిండిన చాపలు కడగడం, కొలనులు తోమడం, తువ్వాళ్లు ఉతకడం, చేపలు లెక్కపెట్టి సర్దడం. సాయంత్రానికి ఒళ్లంతా చేపల కంపే.

ఏ కేంద్రంలోనైనా వాలంటీరు దినచర్య కొంచెం అటూఇటుగా ఇంతే. బకెట్లకొద్దీ పండ్లు, చిలగడదుంపలు తరగాలి. పేడ ఎత్తాలి. కంచె తీగల మీద పెరిగిన గడ్డి కోయాలి. కాస్త సరదా పని ఏదైనా ఉందంటే అది జంతువుకు పొద్దు గడవడానికి ఆటవస్తువులు తయారుచేయడం. వెదురు బొంగులో తేనో, జావో నింపి ఇస్తే చింపాంజీ పుల్లతో గీరి తీసుకోవడానికి గంటసేపు తిప్పలు పడుతుంది. మలావీ రాజధానిలో 2008లో తెరిచిన లిలాంగ్వే వైల్డ్‌లైఫ్ సెంటరు వంటి చోట్ల వాలంటీర్లు జంతువులను తాకడాన్ని వీలైనంత తగ్గించేశారు. మనిషిని చూసి భయపడటం మరిచిపోయిన జంతువు అడవిలో వేటగాడి ముందుకు తానే నడిచి వెళ్తుంది.

ఫొటోల విషయంలోనూ ఇదే పట్టుదల. చింపాంజీ పిల్లను చంకనెత్తుకున్న బొమ్మ ఫోన్లలో తిరిగితే, చూసినవారికి దాని గతం గుర్తురాదు, అలాంటిది ఒకటి ఇంట్లో ఉంటే బాగుండుననిపిస్తుంది. అందుకే మనుషులు కోతి జాతులను పట్టుకున్న ఫొటోలు పంచవద్దని ప్రకృతి పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ నిపుణులు 2021లో మార్గదర్శకాలు ఇచ్చారు.

దీనికి పూర్తి విరుద్ధమైన దృశ్యం దక్షిణాఫ్రికాలోని సింహాల ఫారాల్లో కనబడుతుంది. బోర్డు మీద ఆశ్రయమని, అనాథ పిల్లలని ఉంటుంది. వాలంటీర్లు వేల డాలర్లు కట్టి సింహపు కూనలకు సీసాలతో పాలు పడతారు. ఆ కూనలు అనాథలు కావు. పుట్టిన కొద్ది రోజులకే తల్లి నుంచి వేరుచేసినవి. పిల్లలను తీసేస్తే తల్లి త్వరగా మళ్లీ ఎదకు వస్తుంది, మరోసారి ఈనుతుంది. కూనలు కాస్త పెరిగితే పర్యాటకులతో షికారుకు తిప్పుతారు. అదీ దాటితే ఆవరణలో వదిలి, డబ్బు కట్టిన వేటగాళ్లతో కాల్పిస్తారు. ఎముకలు ఆగ్నేయాసియా దేశాలకు మందుల పేరుతో వెళ్తాయి. 2017లో 800, 2018లో 1,500 అస్థిపంజరాల ఎగుమతికి ప్రభుత్వమే కోటా ఇచ్చింది. ఆ కోటాలు చట్టవిరుద్ధమని 2019లో హైకోర్టు తీర్పు చెప్పింది. 2015లో వచ్చిన బ్లడ్ లయన్స్ డాక్యుమెంటరీ ఈ బండారాన్ని ప్రపంచానికి చూపింది. సింహాల ఫారాల పెంపకాన్ని ఆపేస్తామని ప్రభుత్వం 2021లో ప్రకటించింది కానీ 300కు పైగా ఫారాల్లో ఉన్న కనీసం 8,000 సింహాలను ఏం చేయాలన్నది తేలికగా తెగే సంగతి కాదు. పాలు పట్టిన వాలంటీర్లలో ఎక్కువమంది మంచి మనసుతో వచ్చినవారే. వారి మంచితనమే ఆ వ్యాపారానికి పెట్టుబడి.

కాబట్టి దరఖాస్తు పెట్టేముందు అడగవలసిన ప్రశ్నలు కొన్నున్నాయి. ఏడాది పొడవునా కూనలు ఎలా దొరుకుతున్నాయి? పెద్దయ్యాక ఎక్కడికి పంపుతున్నారు? ఇక్కడ పిల్లలు పుట్టిస్తున్నారా? జంతువును ఒళ్లో పెట్టుకుని ఫొటో తీసుకోనిస్తారా? చివరి రెండింటిలో దేనికి అవునని జవాబు వచ్చినా ఆ చోటు వద్దు. పాన్ ఆఫ్రికన్ అలయన్స్‌లోగానీ, 2007లో ఏర్పడిన గ్లోబల్ ఫెడరేషన్ ఆఫ్ యానిమల్ శాంక్చురీస్ గుర్తింపు పొందిన జాబితాలోగానీ పేరుందేమో చూడాలి. మంచి కేంద్రాలు కూడా వసతికీ తిండికీ శిక్షణకూ డబ్బు తీసుకుంటాయి, అందులో తప్పులేదు. పని నేర్పడానికే వారం పడుతుంది కనుక నాలుగు రోజులకు వస్తామనేవారిని సాధారణంగా తీసుకోవు. పర్యాటక వీసా మీద వాలంటీరు పనిని చాలా దేశాలు ఒప్పుకోవు. ఏ వీసా కావాలో కేంద్రాన్నే అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోవడం మంచిది.

విడివిడిగా జంతువులను కాపాడితే జాతి నిలుస్తుందా అన్న విమర్శ ఎప్పుడూ ఉంది, అందులో నిజమూ ఉంది. చేతుల మీద వేల పెంగ్విన్లను పెంచినా వాటి సంఖ్య పడిపోతూనే వచ్చింది. అవి తినే సార్డీన్లనూ నెత్తళ్లనూ వలలు ఊడ్చేస్తుంటే ఆశ్రయాలు మాత్రం ఏం చేస్తాయి? పెంగ్విన్ జతలు 10,000 కంటే తక్కువకు దిగడంతో 2024లో ఈ జాతిని అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. అప్పటికే శాన్‌కాబ్, బర్డ్‌లైఫ్ సౌత్ ఆఫ్రికా కలిసి కోర్టుకెక్కాయి. ఆరు స్థావరాల చుట్టూ పదేళ్లపాటు ఆ చేపల వేట ఆపేలా 2025 మార్చిలో ఒప్పందం కుదిరింది. చాపలు కడిగిన సంస్థే న్యాయస్థానం దాకా వెళ్లిందన్నది గమనించాలి.

తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లేవారు మరిచిపోకూడనిది ఎల్లో ఫీవర్ టీకా. కెన్యా, ఉగాండా, కామెరూన్, కాంగోల నుంచి తిరిగివచ్చేటప్పుడు దీని ధ్రువపత్రం మన విమానాశ్రయంలోనే అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల వరకు విడిగా ఉంచవచ్చు. దక్షిణాఫ్రికాకు నేరుగా వెళ్తే అవసరం లేదుగానీ నైరోబీలోనో అడిస్ అబాబాలోనో 12 గంటలకు మించి ఆగి వెళ్తే అక్కడివారు అడుగుతారు. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. వేయించుకున్న పది రోజుల తర్వాతే ధ్రువపత్రం చెల్లుతుంది, ఆ పైన జీవితాంతం పనికొస్తుంది. టికెట్టు కొనేముందే ఆ తేదీ చూసుకోవాలి.